సారు నోటి మాట

మా కాటారం దిక్కు కబడ్డీ అయినా, ఖోఖో అయినా నేర్పేది బడిలో పీ.ఈ.టీ. సారొక్కరే. ఇంకో గురువు లేడు కనుక ఆయన మాటకు బరువెక్కువ. "నీతోని కాదు పో" అన్న ఒక్క మాటకు గ్రౌండు మానేసినవారిని నేనెరుగుదును. వాళ్ల కాళ్లు అలసిపోలేదు, మనసు అలసిపోయింది.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిని చూడండి. మేధోవైకల్యంతో పుట్టిన ఆమెను ఊళ్లో ఎగతాళి చేసినవారే ఎక్కువ. కోచ్ నాగపురి రమేశ్ మాత్రం ఆమె పరుగును చూశారు. 2024 మే నెలలో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లు: అప్పటికది ప్రపంచ రికార్డు. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం.

అట్లని మెత్తదనమే మందు అనను. 2016 రియోకు ముందు గోపీచంద్ సింధు ఫోన్‌ను మూడు నెలలు దాచిపెట్టారు. (మన హాస్టల్లో మూడు గంటలు దాస్తే సమ్మె ఖాయం!) ఆమె వెండి పతకంతో తిరిగివచ్చింది. అదే గోపీచంద్ వద్ద ఎదిగి, 2012లో లండన్ కాంస్యం తెచ్చిన సైనా 2014లో బెంగుళూరు వెళ్లి విమల్ కుమార్ శిక్షణలో చేరింది. 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో మళ్లీ గోపీచంద్ దగ్గరికే వచ్చింది! ఇందులో తప్పెవరిది? ఎవరిదీ కాదనే నా అభిప్రాయం. ఒకచోట ఆరిన ఉత్సాహం ఇంకోచోట రాజుకుంటుంది. కానీ సైనాకు బెంగుళూరు ఉంది, మా ఊరి పిల్లకు ఇంకో సారు ఏడి?

మన జట్ల వెంట పోయే అధ్యాపకులకు ఒక్క విన్నపం. ఓడిన రాత్రి బస్సు వెనుక సీట్లో ఆ పిల్లను ఒంటరిగా కూర్చోనీయకండి. స్కోరు సంగతి తెల్లారి మాట్లాడుకోవచ్చు.