పాత కారు, కొత్త ఖర్చు



పత్తి డబ్బు చేతికి రాగానే, నాందేడ్ వైపు తక్కువకు దొరుకుతున్నదట, విదేశీ పెద్ద కారు కొందామా అని భైంసా ప్రాంతపు కుటుంబీకులు మమ్మును అడుగుతుంటారు. కొన్న ధర పాతబండిదే గాని, విడిభాగాల ధర కొత్తబండిదే!

మా సంఘములోని ఒక కుటుంబము అట్టి బండి కొన్నది. గాలి సస్పెన్షనులోని రబ్బరు తిత్తి పగిలినది. కారిన గాలిని నింపుటకు కంప్రెసరు ఎడతెగక తిరిగి, అదియు కాలిపోయినది. హైదరాబాదు దాకా లాగించుకొనిపోయి బాగుచేయించుటకు రెండు పాడి గేదెలను అమ్ముకున్నారు. అమ్మాయి కాలేజీ ఫీజు ఇంకను బాకీ. (పెండ్లి ఊరేగింపులో మాత్రము బండి బహు అందముగా ఉండినది.)

కొనక తప్పదనుకుంటే, సాయంకాలము నిలిపిన బండిని తెల్లవారి వెళ్లి చూడండి. ఒక మూల కుంగియుంటే బేరము వద్దు. ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె మార్చిన రసీదు అడగండి. మహారాష్ట్ర నంబరైతే అక్కడి ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ టాక్సు కూడ లెక్క వేసుకోండి.