అరంగుళం తేడా

మా నాన్న దగ్గర ఓ స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. 1961లో మద్రాసులో తయారీ మొదలైన కారు. బానెట్, ముందు మడ్‌గార్డులు అన్నీ కలిసి మొసలి నోరు తెరిచినట్టు ఒకేసారి లేస్తాయి. దీని ఛాసిస్‌నే పొట్టి చేసి ఇంగ్లండులో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. అందుకే నాన్న దాన్ని ‘స్పిట్‌ఫైర్‌కి అన్న’ అంటాడు!

గొడవంతా దాని ఎత్తుతోనే వచ్చింది. వెనక భాగం కుంగిపోయి, స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ సైలెన్సర్ గీసుకునేది. టైర్లు లోపలి అంచున అరిగిపోయేవి. నేనే తీసుకెళ్లి ఓ షాపులో కమాన్ కట్టకు అదనంగా ఓ పట్టీ వేయించాను. వెనక భాగం కోడిపుంజు తోకలా లేచింది. నేను తెగ సంబరపడ్డాను.

ఆ ఆదివారం నాన్న ఒక్కడే యనమలకుదురు దాటి కరకట్ట మీద వెళ్తున్నాడు. మలుపులో గేదె అడ్డొచ్చింది. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ తిప్పాడు. వెనక భాగం ఎగిరినట్టయి, బండి అడ్డం తిరిగి కట్ట అంచున ఆగింది. ఇంటికొచ్చి, ‘గేదెకేం కాలేదు’ అని మాత్రం చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే ఆటోనగర్ వెళ్లాను. హెరాల్డ్‌లు బాగుచేసి తలపండిన మేస్త్రీ ఒకాయన బండి కిందికి దూరి చూసి, ‘ఎవరయ్యా ఈ పట్టీ వేసింది?’ అన్నాడు. నేను తల దించుకున్నాను.

ఆయన చెబితేగానీ అర్థం కాలేదు. ఈ కారులో వెనక ఇరుసు రెండు ముక్కలు. మధ్యలో డిఫరెన్షియల్ దగ్గర మాత్రమే మడత. పైన అడ్డంగా ఒకే కమాన్ కట్ట. బండి మరీ ఎత్తయితే చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. మలుపులో బయటి చక్రం ఇంకా ముడుచుకుని బండినే పైకి తోస్తుంది. స్పిట్‌ఫైర్‌లో ఈ జబ్బు తగ్గించడానికే 1970లో కమాన్ కట్ట బిగింపు మార్చారు.

అదనపు పట్టీ తీసేసి, పాతవాటికే మళ్లీ వంపు కొట్టించాడు. తర్వాత కొలత. అదో పెద్ద తంతు! ముందు టైర్లన్నిటిలో గాలి సరిచూశాడు. నీళ్ల ట్యూబుతో నేల మట్టం చూశాడు. జాకీ దించాక బండిని ముందుకీ వెనక్కీ నాలుగడుగులు తోయించాడు. లేకపోతే ముడుచుకున్న చక్రాలు సర్దుకోక, దొంగ ఎత్తు చూపిస్తాయట. టేపు కూడా నేల నుంచి పెట్టలేదు. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచాడు. అరిగిన టైరు లెక్క చెడగొట్టకుండా.

అంతా అయ్యాక, ‘నడిపేదెవరు?’ అన్నాడు.

‘నాన్నగారు.’

‘మరి పెద్దాయన్ని కూర్చోమనండి. ఖాళీ బండిని కొలిస్తే ఏం లాభం?’

నాన్న కూర్చోగానే కుడివైపు ముందు భాగం దిగింది. అమ్మ పోయాక పదేళ్లుగా ఆయన ఒక్కడే తిరుగుతున్నాడు. పక్క సీటు ఖాళీ. ఆ పదేళ్లూ కుడివైపు స్ప్రింగ్ మీదే పడ్డాయేమోననిపించింది. మేస్త్రీ ఏమీ అడగలేదు. ఆ స్ప్రింగ్ కింద చిన్న ప్యాకింగ్ పెట్టాడు. ఖాళీగా ఉంటే కుడివైపు అరంగుళం ఎత్తు. నాన్న కూర్చుంటే రెండువైపులా సమం!

మళ్లీ కరకట్ట మీద వెళ్లాం. అదే మలుపు. బండి నేలను పట్టుకుని బుద్ధిగా తిరిగింది. నాన్న నావైపు చూసి నవ్వాడు.

కిందటి సంక్రాంతికి ఆయన కంటి డాక్టరు డ్రైవింగ్ మానేయమన్నారు. ఇంటికొచ్చాక తాళంచెవి నా చేతిలో పెట్టి, ఎడమవైపు తలుపు తీసుకుని అమ్మ సీట్లో కూర్చున్నాడు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఆయనకంటే నేను పాతిక కిలోలు ఎక్కువ.

‘ఒరేయ్, ఓసారి మేస్త్రీ దగ్గరికి పోనీ’ అన్నాడు నాన్న. ‘బరువు మారిందిగా... మళ్లీ కొలవాలి.’