వచ్చే లారీ, పోయే లారీ

నవంబరు 23

పాడి గేదె కోసం బావతో సంతకు పోయాను. దలారీ పేరెత్తితే చాలు, బావ మండిపడతాడు. అయినా దలారీ లేనిదే అక్కడ బేరం సాగదు. అతను తువాలు కప్పి అమ్మేవాడి వేళ్లు నొక్కి ధర తెలుసుకున్నాడు. అదే తువాలు కింద తర్వాత బావ వేళ్లు. అమ్మేవాడి అంకె బావకు తెలియదు, బావ అంకె అమ్మేవాడికి తెలియదు. రెండూ తెలిసినవాడు దలారీ ఒక్కడే. మూడో ఈత గేదె, పూటకు నాలుగు లీటర్లన్నారు. బయానా ఇచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

టీ కొట్టు దగ్గర అతను చెప్పిన ముచ్చట బేరం కన్నా బాగుంది. మెట్టలో వానల్లేక మేత కరువై గేదెల్ని వచ్చిన ధరకు వదిలించుకుంటున్నారు. డెల్టాలోనేమో కోత మిషను పోయిన చేలో వరిగడ్డికి నిప్పు పెడుతున్నారు. గేదెల్ని దింపిన తన లారీ ఖాళీగా పోతుంటే చూసి, దానికి గడ్డి ఎత్తించడం మొదలుపెట్టాడట. ఇప్పుడు రెండు వైపులా కిరాయి, రెండు వైపులా కమీషను.

“నాదేముంది సార్, ఆ ఊరి గోలా ఈ ఊరి గోలా నా చెవిన పడుద్ది, అంతే” అన్నాడు.

నవంబరు 26

దలారీ మాట విన్నాక, షికాగో విశ్వవిద్యాలయపు సామాజిక శాస్త్రవేత్త రొనాల్డ్ బర్ట్ 2004లో రాసిన వ్యాసం మళ్లీ తీశాను. అమెరికాలో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలో సరఫరా విభాగం మేనేజర్లు 673 మంది. పని మెరుగుపడటానికి ఏం చెయ్యాలో చెప్పమని వాళ్లను అడిగి, ఆ సమాధానాలకు పై అధికారుల చేత మార్కులు వేయించాడు. ఒకరితో ఒకరికి పొత్తులేని జట్లతో మాటామంతీ ఉన్నవాళ్ల ఆలోచనలకే మంచి మార్కులు పడ్డాయి. జీతాలూ వాళ్లకే మెరుగు. తెలివిలో ఎక్కువని కాదు. ఒకచోట పాతబడ్డ సంగతి ఇంకోచోట కొత్తగా పనికొస్తుంది, దాన్ని మోసుకొచ్చేది వాళ్లు.

ఈ వ్యాసాన్ని తలచుకునేవాళ్లు దాటేసే ముక్క ఒకటుంది. ఆ ఆలోచనల్ని చాలామంది తమ పక్క బల్ల వాళ్లతోనే చెప్పుకున్నారు. చాలావరకు అవి అక్కడే ఆగిపోయాయి.

డిసెంబరు 1

బావ ఫోను: “మూడు లీటర్లే ఇస్తోందిరా, ఆ దలారీ ముంచాడు.” అవతలి రైతు ఏమంటున్నాడో మాకు తెలిసే దారి లేదు. మధ్యవాడి బలం అదే, బావ కోపమూ అందుకే.

అలాంటి మధ్యవాళ్లే అయిన కావలి సోదరుల గురించి చదువుతున్నాను. ఏలూరు నియోగులు. వాళ్లలో వెంకట బొర్రయ్య కుంపిణీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర కుదిరాడు. మెకంజీకి మన భాషలు రావు. శాసనం చెక్కిన రాయి ఎక్కడుందో కరణానికి తెలుసు, కానీ దొరగారు దానికోసం వెతుకుతున్నాడని తెలియదు. బొర్రయ్య అటు జైన గురువులతోనూ ఇటు కుంపిణీ సర్వేవాళ్లతోనూ మాట్లాడగలిగాడు. 1803లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే పోయాడు. భారతీయ విద్యల ద్వారం తనకు తెరిచింది అతనేనని మెకంజీ 1817లో రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. అంతమాత్రం ఒప్పుకున్న దొరలు తక్కువే.

డిసెంబరు 4

మెకంజీ కొలువులో అన్న తర్వాత తమ్ముడు లక్ష్మయ్య. మెకంజీ 1821లో చనిపోయాడు. అతను పోగేయించిన శాసనాలు, రాతప్రతుల సేకరణను లక్ష రూపాయలిచ్చి కుంపిణీ కొనుక్కుంది. ఆగిపోయిన పని తాను సాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయం అడిగారు. స్థానికుడికి అంత సామర్థ్యం ఉండదన్నాడు సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. మరుసటి ఏడాదే బ్రాహ్మీ లిపి గుట్టు విప్పిన ప్రిన్సెప్ ఈయనే.

కరణాలకు తెలిసినదీ దొరలకు కావలసినదీ రెండూ ఎరిగిన మనిషిని ఏరి పారేశారు. దలారీకి తన లారీ ఉంది, కమీషను తనే తీసుకుంటాడు. లక్ష్మయ్య చేతిలో ఉన్నది దొర ఇచ్చిన కొలువు మాత్రమే, దొరతోపాటే అదీ పోయింది. మధ్యన నిలబడితే సరిపోదు, రెండు కొసల్లో ఒకటైనా మన చేతిలో ఉండాలని బర్ట్ వ్యాసం అంచున రాసుకున్నాను.

అప్పుడు సేకరించిన ఊళ్ల చరిత్రల్ని, అంటే కైఫీయత్తుల్ని, ఇప్పటికీ మెకంజీ పేరుతోనే పిలుస్తున్నాం. ఇకమీదట అచ్చువేసేవాళ్లు ఆ పేరు పక్కన కావలి సోదరుల పేరు కూడా అట్టమీదే వెయ్యాలి, లోపలి పేజీలో కాదు.