రూపాయి మందమంత ఖాళీ

మనాలీ చేరేటప్పటికి నా కుడి అరచేయి నా స్వాధీనంలో లేదు. బండి దిగి మంచినీళ్ల గ్లాసు అందుకుంటే, పట్టుకున్నానో లేదో వేళ్లకు తెలియలేదు. ఢిల్లీ నుంచి రెండు రోజుల ప్రయాణం, యాభై దాటిన వయసు. ఈ మాత్రం తిమ్మిరి సహజమేనని సరిపెట్టుకోబోయాను. వెనుకనే మరొక మోటారు సైకిలు మీద వచ్చిన మా మేనల్లుడు నా బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మామయ్యా, కుడి పక్క బరువేది?" అని అడిగాడు.

హ్యాండిలు ఎడమ కొసన బొటనవేలి కంటె కాస్త లావైన ఉక్కు దిమ్మ ఒకటి మెరుస్తూ ఉన్నది. కుడి కొసన దాని జత లేదు. బోలు గొట్టం నోరు తెరుచుకొని ఉన్నది. మండీ దాటిన తర్వాత గతుకులలో ఎక్కడో రాలిపోయి ఉంటుంది. బయలుదేరే ముందు గాలి, నూనె, గొలుసు, బ్రేకులు అన్నీ పరీక్షించుకున్న నేను ఆ దిమ్మలను మాత్రం తాకి కూడా చూడలేదు. ఏడేళ్లుగా వాటిని అలంకారమనే అనుకుంటున్నాను.

మా గమ్యం లేహ్. మనాలీ నుంచి అక్కడికి సుమారు 430 కిలోమీటర్లు. సరిహద్దు రహదారుల సంస్థ వారు ఏటా మంచు తొలగించి తెరిస్తే, వేసవిలోను, శరదృతువు ఆరంభం వరకును సాగి, మళ్లీ మంచులో మూతపడే దారి అది. సముద్రమట్టానికి 5,000 మీటర్లు దాటిన కనుమలు రెండున్నాయి. మొద్దుబారిన చేతితో ఆ దారి పట్టడం క్షేమం కాదని మా మేనల్లుడు పట్టుబట్టాడు.

బియాస్ నది ఒడ్డున, దేవదారు చెట్ల నీడలో ఉన్న ఒక చిన్న రిపేరు షాపుకు వెళ్లాం. అందరూ 'ఉస్తాద్' అని పిలిచే ఒక వృద్ధ మెకానిక్ నా బండి స్టార్టు చేయించి, హ్యాండిలు రెండు కొసల మీదా వేళ్లు ఆనించి చూశాడు. నన్నూ అలాగే చూడమన్నాడు. ఎడమవైపు పిల్లి గుర్రుమన్నంత సన్నని అదురు. కుడివైపు తేనెతుట్టె మీద వేలు పెట్టినట్లున్నది.

మెకానికల్ ఇంజనీరింగు చదివిన మా మేనల్లుడు దాని మర్మం విప్పి చెప్పాడు. ఒంటి సిలిండరు ఇంజనులో పిస్టను పైకీ కిందికీ కొట్టుకునే ప్రతి చుట్టుకూ బండి చట్రానికి ఒక తోపు తగులుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు 50 సార్లు అలా తోస్తుంది. హ్యాండిలు మధ్యలో మాత్రమే బిగించిన గొట్టం. దాని రెండు కొసలకూ ఆధారం లేదు. అటువంటి గొట్టం ప్రతిదానికీ తనదైన సహజమైన ఊపు ఒకటి ఉంటుంది. ఇంజను తోపులు ఆ ఊపుతో కలిసినప్పుడు అదురు ఇంతలంతలవుతుంది. కొసన బరువు తగిలిస్తే ఆ సహజమైన ఊపు నెమ్మదించి, ఇంజను వేగానికి దూరంగా జరుగుతుంది. కాయల గుత్తి వేలాడే మామిడి కొమ్మ నిదానంగా ఊగడం మనమెరిగినదే. అదే బరువును హ్యాండిలు మధ్యన కడితే ఈ ఫలితం రాదు. తాడు మీద నడిచేవాడు పొట్టికర్ర గాక పొడవాటి గడ పట్టుకోవడంలో ఉన్న కిటుకు కూడా ఇటువంటిదే. బరువు ఎంత దూరాన ఉంటే అంత నిలకడ.

ఉస్తాద్ ఈ ఉపన్యాసం వింటూ నవ్వుతూ పని మొదలుపెట్టాడు. కొత్త దిమ్మ సుమారు 200 గ్రాములుంటుంది. దాని మధ్యగా ఒక పొడవైన బోల్టు, బోల్టుకు తొడిగిన రబ్బరు గొట్టం, దాని చివర ఏటవాలుగా మలచిన నట్టు. ఈ తోకను హ్యాండిలులోకి దూర్చి బయటి నుంచి బోల్టు తిప్పితే, నట్టు వెనక్కి వచ్చి రబ్బరును నొక్కుతుంది. రబ్బరు ఉబ్బి గొట్టం లోపలి గోడలను పట్టుకుంటుంది. కనుక రబ్బరుకు గాని, గొట్టం లోపల గాని నూనె జిడ్డు అంటకూడదు. ఉస్తాద్ గొట్టం లోపలి తుప్పును గరుకు కాగితంతో గీకి, పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి ఆరనిచ్చాడు. బోల్టు మరల మీద నీలం రంగు జిగురు ఒక్క చుక్క వేశాడు. ఎరుపు రంగు జిగురు కూడా ఉన్నది గాని, అది వేస్తే వేడి చేస్తే తప్ప బోల్టు ఊడి రాదట.

అప్పుడతడు జేబులో నుంచి ఒక రూపాయి నాణెం తీశాడు. దానిని గ్రిప్పుకూ దిమ్మకూ మధ్య నిలువుగా పెట్టి బోల్టు బిగించి, తర్వాత నాణెం లాగివేశాడు. రెంటికీ నడుమ ఆ నాణెమంత సందు మిగిలింది.

"బాబూజీ, ఎడమ గ్రిప్పు కదలదు. కుడి గ్రిప్పు తిరగాలి. అది యాక్సిలరేటరు. దిమ్మ దానిని తాకితే స్ప్రింగు దానిని వెనక్కి తేలేదు" అన్నాడు.

హ్యాండిలును ఆ చివర నుంచి ఈ చివర వరకు తిప్పుతూ, మూడుచోట్ల యాక్సిలరేటరు తెరచి వదిలి చూపించాడు. ప్రతిసారీ అది టక్కున మూసుకున్నది. చివరగా బోల్టు తల మీదుగా దిమ్మ మీదికి తెల్లరంగుతో సన్నని గీత గీశాడు. గీత రెండుగా విడిపోతే బోల్టు వదులవుతున్నదన్నమాట. "రేపటిదాకా బండి కదిలించవద్దు. జిగురు గట్టిపడాలి" అని మరీ మరీ చెప్పాడు.

మేము గంటలో బయలుదేరాం. చీకటి పడకముందే కేలాంగ్ చేరాలన్న తొందర మాది.

2020 అక్టోబరులో తెరిచిన అటల్ సొరంగం వలన రోహ్తాంగ్ కనుమ ఎక్కే శ్రమ ఇప్పుడు తప్పింది. తొమ్మిది కిలోమీటర్ల సొరంగం దాటి లాహుల్ లోయలోకి రాగానే లోకమే మారిపోతుంది. వెనుక దట్టమైన అడవి. ముందు బోడి కొండలు, వాటి పాదాల వద్ద బఠాణీ, బంగాళాదుంప మడులు. తాండీ వద్ద చంద్రా, భాగా నదులు కలిసి చంద్రభాగ అవుతాయి. ఆ నదే దిగువన చీనాబ్. కేలాంగ్‌లో ఆ రాత్రి నా వేళ్లకు టీ గ్లాసు వేడి హాయిగా తెలిసింది.

మరునాడు దార్చా దాటి భాగా నది వెంట పైకి సాగాం. ఆ నదికి పుట్టిల్లయిన సూరజ్ తాల్ సరస్సు బారలాచా కనుమకు కాస్త ఇవతల, ఆకాశం ముక్క విరిగిపడినట్లు నీలంగా ఉన్నది. ఆ పైన దారి అంటే మంచు కరిగిన వాగులు, గులకరాళ్లు, సైనిక లారీల చక్రాలు తవ్విన గుంటలు. సాయంకాలానికి 4,290 మీటర్ల ఎత్తున ఉన్న సర్చూ డేరాలకు చేరాం. అక్కడ తలనొప్పి రానివాడు అదృష్టవంతుడు. నేను అదృష్టవంతుణ్ణి కాను.

డేరాలోకి పోబోతూ టార్చి వెలుగులో చూస్తే ఉస్తాద్ గీసిన తెల్లగీత రెండు ముక్కలై ఉన్నది. దిమ్మ వేలితో కదిపితే కదులుతున్నది. జిగురు గట్టిపడకముందే గతుకులు దానిని వదులు చేశాయి. మేనల్లుణ్ణి లేపడమెందుకని నేనే పానా తీశాను. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. తల దిమ్ముగా ఉన్నది. ఇది కూడా రాలిపోతే ఇక్కడ మరొకటి దొరకదన్న భయం ఒక్కటే మనసులో ఉన్నది. దిమ్మను గట్టిగా లోపలికి నెట్టి, శక్తికొద్దీ బిగించి, నిశ్చింతగా పడుకున్నాను. రూపాయి నాణెం గుర్తుకు రాలేదు.

తెల్లవారి బండి బాగానే నడిచింది. గేరు మార్చినప్పుడల్లా చేయే యాక్సిలరేటరును వెనక్కి తిప్పుతుంది గనుక, అది తనంతట తాను మూసుకోవడం లేదన్న సంగతి నాకు తెలియలేదు. సర్చూ దాటాక పాతిక కిలోమీటర్ల లోపునే గాటా మలుపులు మొదలవుతాయి. ఒకే కొండను ఇరవై ఒక్క మలుపులలో ఎక్కే దారి. ఒక పక్క గోడ. మరొక పక్క మనం ఇప్పుడే దాటివచ్చిన దారి, తాడులాగ కింద.

ఎన్నో మలుపో లెక్క తప్పింది. వంపు చుట్టి పైనుంచి ఒక లారీ దిగుతున్నది. పిడి వదిలి వేళ్లన్నీ బ్రేకు మీద వేశాను. బండి ఆగలేదు. ఇంజను నన్ను ముందుకే ఈడుస్తున్నది. చప్పున క్లచ్చి పట్టాను. ఇంజను గావుకేక పెట్టింది. బొటనవేలితో ఎర్రమీట నొక్కి ఇంజను ఆపేటప్పటికి ముందు చక్రం దారి అంచున ఉన్న రాళ్లకు మూర దూరంలో ఉన్నది. లారీ డ్రైవరు తల బయటపెట్టి ఒకసారి నన్ను, ఒకసారి లోయను చూసి, ఏమీ అనకుండా సాగిపోయాడు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మేనల్లుడు వచ్చి బండిని గోడవారకు నడిపించాడు. యాక్సిలరేటరు తెరచి వదిలాడు. అది ఎక్కడ వదిలితే అక్కడే ఆగిపోయింది. గ్రిప్పు రబ్బరుకూ దిమ్మకూ మధ్య గోరు కూడా దూరదు.

"రాత్రి నువ్వు బిగించావా మామయ్యా?"

"ఊడిపోతుందని భయం వేసిందిరా."

వాడు ఇంకేమీ అడగలేదు. బోల్టు వదులు చేసి, దిమ్మను వెనక్కి లాగి, "రూపాయి ఉందా?" అని చేయి చాపాడు. నాణెం పెట్టి బిగించి తీశాడు. యాక్సిలరేటరు వదలగానే టక్కుమన్నది. ఆ చిన్న చప్పుడు అంత మధురంగా ఉంటుందని అంతవరకు నేనెరుగను.

ఆ పైన లాచులుంగ్ కనుమ, పాంగ్ డేరాలు, నలభై కిలోమీటర్ల చదునైన మోరే మైదానం దాటాం. 5,328 మీటర్ల తంగ్లంగ్ కనుమ మీద గాలి పీడనం సముద్రతీరంలో ఉండే దానిలో దాదాపు సగమే. మనుషులకూ ఇంజనుకూ ఒకే ఆయాసం. ఆగిన ప్రతిచోటా నేను చేసిన పని ఒక్కటే: దిమ్మలను వేలితో కదిపి చూడటం, యాక్సిలరేటరు తెరచి వదలడం. ఉప్షీ వద్ద సింధు నది కనిపించింది. దాని వెంట లేహ్ చేరేటప్పటికి సంధ్య వాలుతున్నది.

ఉస్తాద్ చెప్పిన రెండు మాటలలో మొదటిదానిని తొందరలో కాదన్నాను, రెండవదానిని భయంలో మరచిపోయాను. వదులుగా ఉన్న వస్తువు రాలిపోతుందని అందరికీ తెలుసు. కాని ఆ కొండ మీద నన్ను లోయ అంచుదాకా తీసుకుపోయినది వదులు కాదు, అతిగా చేసిన బిగింపు.

ఆ రూపాయి నాణెం ఇప్పుడు నా పానాల సంచిలో ఉంటుంది. దానిని ఖర్చు పెట్టవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.