ఎర్త్ గుంతకు రెండు బక్కెట్ల నీళ్లు

తొమ్మిది కాకముందే బడి గేటు దాటాను. ఇద్దరు ఆడపిల్లలు చెరో బక్కెట్ నీళ్లు మోసుకొచ్చి, గోడవారన ఇటుకలు పేర్చిన చిన్న గుంతలో పోస్తున్నారు. అందులో మొక్క లేదు, మొక్క నాటిన ఆనవాలూ లేదు. "ఏ చెట్టుకమ్మా ఈ నీళ్లు?" అని అడిగాను.

"చెట్టుకి కాదు సార్, కంప్యూటర్లకి" అంది పెద్ద జడల పిల్ల, బక్కెట్ బోర్లించి చివరి చుక్క కూడా దులుపుతూ.

అది ఎర్త్ గుంత. నేలలోకి దింపిన గొట్టం చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి పూడుస్తారు. ఆ మట్టి తడిగా ఉంటేనే, తీగల్లోంచి దారి తప్పిన కరెంటు భూమిలోకి దిగిపోతుంది. ఏప్రిల్ ఆఖర్న సెలవులిచ్చి తాళం వేస్తే, ఆ ఎండలకు గుంత ఎండిపోతుంది. జూన్‌లో వచ్చి కంప్యూటరు పెట్టె మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంది. మొదటిరోజే అలా షాక్ కొట్టిన పిల్ల ఇక ఏడాదంతా వెనక నిలబడి చూస్తుందే తప్ప దగ్గరికి రాదని, అందుకే బడి తెరిచిన రోజు నుంచీ ఈ నీళ్ల పని ఎవరో ఒకరికి అప్పగిస్తానని లెక్కల మేడం తర్వాత చెప్పారు. ఆ ఒక్క మాటతో నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే దారిలో, చీమకుర్తి దాటాక వస్తుంది ఆ ఊరు. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు పుట్టింది ఈ నేలలోనే. రోడ్డంతా రాళ్ల లారీలు. ఆ దుమ్ము జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల కిటికీల మీద, వేపచెట్ల ఆకుల మీద, చివరికి తాళంకప్ప మీద కూడా పేరుకుని ఉంది. జూన్ 12న బడి తెరిచారు. నేను వెళ్లింది ఆ తర్వాతి వారం. మృగశిర వచ్చినా చినుకు లేదు.

కంప్యూటరు గదిలో బల్లలన్నీ గ్రానైటువే. కటింగ్‌లో పనికిరాకుండా పోయిన ముక్కల్ని ఊళ్లోవాళ్లు తెచ్చి ఇటుక దిమ్మెల మీద పరిచారట. వాటిమీద 11 కంప్యూటర్లు. ఈ బడికి ఇవి మొదటివి కావు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 5000 ఉన్నత పాఠశాలలకు ఒక్కసారిగా కంప్యూటర్లు ఇచ్చినప్పుడు ఇక్కడికీ వచ్చాయి. ఖర్చు తగ్గడానికి ఒక సీపీయూను పలు తెరలు పంచుకునే ఏర్పాటు అది. చెప్పడానికి వచ్చిన బోధకుడు ఒప్పందం ముగియగానే వెళ్లిపోయాడు. యంత్రాలు మిగిలాయి, పాఠం పోయింది. ఇప్పుడున్నవి దాతలిచ్చినవి కొన్ని, ఆఫీసుల్లో మార్చేసినవి కొన్ని.

నాకు ఈ గదిని చూస్తే వేరే గది గుర్తొచ్చింది. 1984-85లో కేంద్రం 'క్లాస్' అనే పథకం కింద కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. నేను చదివిన బడికీ ఒకటి దక్కింది. చెప్పులు బయట విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని వరసలో వెళ్లి చూసి రావాలి. మిగతా కాలమంతా కంప్యూటర్ అనగానేమి, దాని భాగములేవి అని నోటుపుస్తకంలో రాసుకున్నాం. మూడేళ్లలో దాని మీద నా వేలు పడలేదు. ఆ కొరత నాలో ఇప్పటికీ ఉంది. ఏ బడిలో కంప్యూటర్ల గది ఉందని తెలిసినా ముందు నేను చూసేది కీబోర్డు మీది అక్షరాలు అరిగాయా లేదా అని. ఇక్కడ అరిగిపోయాయి.

తొమ్మిదో తరగతి పిల్లలు 41 మంది వచ్చారు. మేడం పాఠం చెప్పలేదు. పెట్టెలు విప్పించారు. కరెంటు తీగ పీకేసి, స్క్రూలు ఊడదీసి, పక్క రేకు తీశారు. ఒకదాంట్లో బల్లి గుడ్ల పెంకులు. ఇంకోదాంట్లో ఫ్యాను రెక్కల మధ్య కందిరీగ కట్టిన మట్టిగూడు. పెయింటు బ్రష్షులతో గ్రానైటు దుమ్ము దులిపారు. ఆన్ చేస్తే కూతలు పెట్టి ఊరుకునే వాటికి ర్యామ్ ముక్క బయటికి తీసి, దాని బంగారు పళ్లను పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించారు. ఒంగోలులో రిపేరు షాపువాళ్లు చేసేదీ ఇదే. రెండు లేవలేదు. తొమ్మిది లేచాయి.

లేచిన వాటిలో మూడు, ఇవాళ 2009 జనవరి ఒకటో తారీఖని చూపించాయి. వాటిలో ఇంటర్నెట్ సైట్లు తెరుచుకోవడం లేదు. పక్క కంప్యూటర్లో అదే తీగ మీద అదే సైటు తెరుచుకుంటోంది. "ఎందుకో చెప్పండి" అని మేడం చేతులు కట్టుకుని నిలబడ్డారు. నెట్ రావట్లేదన్నారు, వైరస్ అన్నారు. చివరికి ఒక కుర్రాడు తారీఖు తప్పుంది టీచర్ అన్నాడు. అదే కారణం. ప్రతి సైటూ తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. 2009లో ఉన్నాననుకునే యంత్రం లెక్కలో ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు, అందుకని నమ్మదు. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయిందన్న మాట. దాని మీద సీఆర్2032 అని ఉంటుంది. మేడం స్కేలు ఇచ్చి కొలవమన్నారు. అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2. పేరులోనే కొలత ఉందని తెలిశాక ఆ బిళ్ల తరగతంతా చేతులు మారింది.

మేడంది ఒక నియమం ఉంది. ఒక్కో కంప్యూటరు ముందు నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కీలు నొక్కాలి, ఒకరు ఏ కీనో చదివి చెప్పాలి, ఒకరు తెర చూడాలి, మిగిలినవాళ్లు రాసుకోవాలి. ఐదు నిమిషాలకోసారి గంట కొడతారు, అందరూ ఒక కుర్చీ జరగాలి. మొదటి వారం మొదటి కుర్చీ మాత్రం, ఇంట్లో ఫోను తన చేతికి రాని పిల్లలకే. "ఫోను ఇంట్లో ఎవరి దగ్గర ఉంటుంది?" అని అడిగి, అన్న దగ్గర, తమ్ముడి దగ్గర అన్న ఆడపిల్లల్ని ముందుకు పిలిచారు. నేను చూసిన ఎన్నో తరగతుల్లో మౌసు మొదట అందుకున్న కుర్రాడే ఏడాది చివరి వరకు దాన్ని వదలడు. మిగతావాళ్లు చూసి నేర్చుకున్నామని అనుకుంటారు. చూస్తే ఈత రాదు కదా.

ఫోను తెలిసిన పిల్లలకు కూడా ఇక్కడ ఇబ్బందే. తెర మీద వేలితో తట్టి, కదలకపోతే తెల్లబోతారు. రాష్ట్రంలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి వాళ్లకు ట్యాబులు ఇచ్చారు, పక్క గదిలో గోడకు పెద్ద తెరా ఉంది. వాటిలో చూడటం, వినడం వస్తుంది. రాసి దాచుకోవడం, దాచింది ఎక్కడుందో వెతికి తీసుకోవడం వేరే విద్య. ఫోనులో అన్నీ వాటంతటవే సేవ్ అవుతాయి. అందుకే ఈ పిల్లలకు సేవ్ అనే మాట విడిగా చెప్పాల్సి వస్తోంది.

మొదటి అభ్యాసం పేరు రాయడం, అదీ తెలుగులో. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు బొమ్మ ప్రింటు తీసి ప్రతి బల్లకూ అతికించారు. ముందు 'అమ్మ' రాయించారు. షిఫ్ట్ పట్టుకుని డీ నొక్కితే అ. సీ నొక్కితే మ. ఉత్తి డీ నొక్కితే పొల్లు. మళ్లీ సీ. పొల్లు పడగానే రెండో మ కిందికి దిగి ఒత్తయి కూర్చుంటే పిల్లలు కిలకిలలాడారు. బోర్డు మీద మేడం నాలుగు అంకెలు రాశారు: 3077, 3118, 3149, 3118. యూనికోడ్‌లో ఆ నాలుగు గుర్తుల సంఖ్యలవి. "యంత్రానికి అమ్మ తెలీదు, ఈ నాలుగే తెలుసు. అమ్మ మీకు తెలుసు." రెండు 3118లు ఒకటేనని మొదట కనిపెట్టింది, పొద్దున నీళ్లు పోసిన పిల్ల. ఆమె పేరులో లక్ష్మి ఉంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు కీలు. మూడుసార్లు తప్పి నాలుగోసారి తెర మీద సరిగ్గా పడ్డాక వెనక్కి తిరిగి గది మొత్తాన్ని ఒకసారి చూసుకుంది.

చివరి బల్ల దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి ఉన్నాడు. క్వారీ పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు మాట్లాడతాడు కానీ రాయడం అంతంతే. మేడం భాష మార్చి ఒడియా పెట్టారు. కీలు మాత్రం అవే. తెలుగు క ఉన్న కీ మీదే ఒడియా క, తెలుగు మ ఉన్న చోటే ఒడియా మ. మన భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలనే ఈ కీబోర్డును అలా రూపొందించారు. అతను తన పేరు ఒడియాలో కొట్టాడు. పక్కవాడు అవే కీలు చూసుకుంటూ తెలుగులో కొట్టాడు. ఒకే పేరు, రెండు లిపులు, కిందా మీదా. ఆ బల్ల చుట్టూ ఎంతమంది మూగారంటే గంట కొట్టినా ఎవరూ జరగలేదు.

అప్పుడే కరెంటు పోయింది. సేవ్ చెయ్యనివాళ్ల పేర్లన్నీ పోయాయి. గదంతా ఒక్కసారి అయ్యో అన్నారు. ఇన్వర్టరు బ్యాటరీ సెలవుల్లో చార్జింగు లేక పాడైపోయింది, బదులు ఇంకా రాలేదు. తరగతి అయిపోయిందనుకున్నాను. మేడం పిల్లల్ని వరండాలోకి నడిపించి తెలుగు సార్‌ని కేకేశారు. వాళ్లిద్దరూ ముందే అనుకున్న పాఠం అది, కరెంటు పోయినప్పటికని దాచి ఉంచారు.

ఇరవై మంది వరసగా నిలబడ్డారు. చేతుల్లో పలకలు. మొదటి పలక మీద 1, తర్వాత 2, 4, 8, అలా రెట్టింపవుతూ ఇరవయ్యోది 524288. సార్ బోర్డు మీద ఉత్పలమాల గణాలు రాశారు: భ, ర, న, భ, భ, ర, వ. పాదానికి ఇరవై అక్షరాలు. "గురువైతే కూర్చో, లఘువైతే నిలబడు." కూర్చుంటే సున్నా, నిలబడితే పలక మీది అంకె. భగణం అనగానే మొదటి పిల్ల కూర్చుంది, తర్వాతి ఇద్దరూ నిలబడ్డారు. రగణానికి మధ్యవాడు మాత్రమే నిలబడ్డాడు. నగణానికి ముగ్గురూ. చివరికి ఎనిమిది మంది కూర్చుని, పన్నెండు మంది నిలబడి ఉన్నారు. నిలబడ్డవాళ్ల అంకెలు కూడమన్నారు మేడం. 2, 4, 16, 64, 128, ఇలా పోయి 262144 వరకు. రెండుసార్లు తప్పి మూడోసారి 355798 వచ్చింది.

అప్పుడు తెలుగు సార్ చేతిలోని పాత ఛందస్సు పుస్తకం తెరిచి చూపించారు. ఇరవై అక్షరాల పాదాన్ని కృతి ఛందం అంటారు. అందులో వచ్చే వృత్తాలు 1048576. వాటిలో ఉత్పలమాలది 355799వ స్థానమని అచ్చులో ఉంది. మన లెక్కకు ఒకటి ఎక్కువ. ఎందుకు? "సార్ వాళ్లు ఒకటి నుంచి లెక్కపెట్టారు, మనం సున్నా నుంచి మొదలెట్టాం టీచర్" అన్నాడు తారీఖు తప్పు పట్టుకున్న కుర్రాడే.

నాకు ఒళ్లు జలదరించింది. లఘువు గురువుల వరస ఇచ్చి సంఖ్య కనుక్కోవడాన్ని ఉద్దిష్టం అంటారు, సంఖ్య ఇచ్చి వరస రాబట్టడాన్ని నష్టం అంటారు. పింగళుడి ఛందశ్శాస్త్రం నుంచి వస్తున్న విద్య ఇది. పద్యం చదువుకున్నప్పుడు నాకు ఇది ఎవరూ చెప్పలేదు, కంప్యూటరు నేర్చుకున్నప్పుడూ చెప్పలేదు. రెండూ చెప్పే ఇద్దరు టీచర్లు ఒకే వరండాలో కలిసి నిలబడితే తప్ప ఇలాంటి పాఠం పుట్టదు. పరీక్షలో దీనికి మార్కుల్లేవు. టైంటేబుల్లో వారానికి రెండే పీరియడ్లు. ఆ రెండూ కూడా డిసెంబరు దాటాక పదో తరగతి వాళ్ల రివిజన్‌కి పోతాయని మేడం బాధపడ్డారు. అందుకే ఆవిడ జూన్‌ని ఇంతగా పట్టుకుంటారు. జూన్‌లో చెయ్యి అలవాటైతే తర్వాత పిల్లలే అన్నం తిని చెయ్యి కడుక్కుని గది తాళం కోసం వస్తారట.

మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. పిల్లలు వెళ్లబోతుంటే మేడం ఆపి, రేపటికి చంపకమాల లెక్క కట్టి తీసుకురమ్మన్నారు. న, జ, భ, జ, జ, జ, ర. పాదానికి 21 అక్షరాలు, అంటే వరసలో ఇంకో మనిషి కావాలి. ఒడియా అబ్బాయి చెయ్యెత్తాడు. ఇంకో పలక తెచ్చి దానిమీద 1048576 రాసి అతని చేతికిచ్చారు.

ఒంగోలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నోటుపుస్తకం చివరి పేజీలో నేనూ ఆ లెక్క మొదలుపెట్టాను. నగణం, ఒకటి, రెండు, నాలుగు. జగణం, ఎనిమిది, సున్నా, ముప్పైరెండు. రోడ్డు కుదుపులకు అంకెలు వంకరపోయాయి. చీమకుర్తిలో రాళ్ల లారీ అడ్డం వచ్చి బస్సు ఆగినప్పుడు కూడిక పూర్తయింది. 711599 వచ్చింది. ఒకటి కలిపి, పక్కన 711600 అని రాసుకున్నాను.