పెరుగన్నం ఎవరు పెట్టారు?

కుక్కపిల్ల వచ్చిన ఇంట్లో మొదటి రెండ్రోజులూ పేరేం పెట్టాలన్న చర్చ. మూడో రోజు నుంచి చర్చంతా దాని మోషన్ గురించే. గట్టిగా అయిందా, పలచగా అయిందా, ఏ రంగు, ఎన్నిసార్లు... నలుగురిలో ఎత్తడానికి మొహమాటపడే సంగతులన్నీ కాఫీ తాగుతూ మాట్లాడేసుకుంటాం. మీ ఇంట్లోనూ ఇదే నడుస్తోందా? అయితే ఇలా కూర్చోండి, చెప్పుకుందాం.

సాధారణంగా జరిగేది ఇదీ. పిల్లని ఇచ్చినవాళ్లు ఒక పాకెట్ తిండి చేతిలో పెట్టి ‘ఇదే పెట్టండి’ అంటారు. నాలుగు రోజులు బుద్ధిగా అదే పెడతాం. ఆ తర్వాత ఇంట్లో ఎవరికో జాలి పుడుతుంది. ‘పాపం, పొద్దస్తమానం ఆ ఎండు గింజలేనా! నోరు చచ్చిపోదూ?’ అని ఓ ముద్ద పెరుగన్నం కలుపుతారు. పిల్ల గిన్నె నాకి తళతళలాడించేస్తుంది. ‘చూశారా, ఎంత ఇష్టంగా తిందో!’ అని మర్నాడు రెండు ముద్దలు. ఆ రాత్రి హాల్లో ఏం జరిగిందో, ఎవరు తుడిచారో చెప్పక్కర్లేదు.

ఇష్టంగా తిన్నంత మాత్రాన ఒంటికి పడ్డట్టు కాదండీ. అందులోనూ మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే లాబ్రడార్ మాట అసలు నమ్మకూడదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో తేల్చిన సంగతి ఒకటుంది. ఈ జాతిలో దాదాపు నాలుగో వంతు కుక్కలకి పీఓఎంసీ అనే జన్యువులో ఓ ముక్క లోపించి ఉంటుందట. దాంతో కడుపు నిండిందన్న కబురు మెదడుకి సరిగ్గా చేరదు. అలాంటి పిల్ల పెరుగన్నాన్నీ ఇష్టంగా తింటుంది, మీ కొత్త చెప్పునీ ఇష్టంగానే తింటుంది.

అయితే ఇంటి తిండే శత్రువా? పాకెట్లు అమ్మేవాళ్లు అలాగే అనిపించేట్టు మాట్లాడతారు గానీ, నేను ఒప్పుకోను. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ 1860లలో లండన్‌లో కుక్క బిస్కెట్ల వ్యాపారం మొదలుపెట్టేదాకా పాకెట్ తిండి అనేదే లేదు. అంతకుముందు వేల ఏళ్లు కుక్కలు మనం పెట్టింది, పారేసింది తినే బతికాయి. ‘కుక్కకి అన్నం అరగదు’ అనేది కూడా పూర్తి నిజం కాదు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ తయారీకి పనికొచ్చే జన్యువు తోడేలుకి 2 కాపీలుంటే, కుక్కకి 4 నుంచి 30 దాకా ఉన్నాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. మెత్తగా ఉడికిన అన్నం దానికి బాగానే అరుగుతుంది.

మరి గొడవెక్కడ? తొందరలో ఉంది. అలవాటైన తిండి తగ్గించకుండా దాని మీద ఇంకొకటి వేయడంలో ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా, పెట్టే చేతులు ఎక్కువవడంలో ఉంది.

తొందర సంగతి ముందు. శాస్త్రవేత్త పావ్లోవ్ పేరు చెప్పగానే మనకి గంట కొట్టడం, కుక్క నోరూరడం గుర్తొస్తాయి. ఆయనకి 1904లో నోబెల్ వచ్చింది మాత్రం ఆ గంటకి కాదు, కుక్కల జీర్ణక్రియ మీద చేసిన పనికి. రొట్టె పెడితే ఒకలా, మాంసం పెడితే ఇంకోలా, పాలు పోస్తే మరోలా కడుపులో రసాలు ఊరతాయని ఆయన కొలిచి చూపించాడు. తిండి మారితే క్లోమం తన రసాల పాళ్లు మార్చుకోవాలి, పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా సర్దుకోవాలి. దానికి కొన్ని రోజులు పడుతుంది. పెద్ద కుక్కయితే ఎలాగో తట్టుకుంటుంది. రెండు నెలల పిల్లకేమో అప్పుడే తల్లిని వదిలి రావడం, కొత్త ఇల్లు, కొత్త నీళ్లు, ఏలికపాముల మందు, టీకా... అన్నీ ఒకే వారంలో. వాటి మీద మన పెరుగన్నం. కడుపు చెడిందంటే చెడదూ!

పెరుగుని వెనకేసుకురావాల్సిన మాట ఒకటుంది. తోడుకున్నప్పుడు పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, కొంత తగ్గుతుంది కాబట్టి చాలా పిల్లలు కాస్త పెరుగుని ఓర్చుకుంటాయి. అసలు ముద్దాయి పాలు. తల్లి పాలు మానే వయసుకి పిల్లలో లాక్టోజ్‌ని అరిగించే శక్తి తగ్గుతూ వస్తుంది. కుక్క పాలలో లాక్టోజ్ 3 శాతం చిల్లర ఉంటే ఆవు పాలలో, గేదె పాలలో 5 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. అరగని చక్కెర పేగులోకి నీళ్లు లాక్కుంటుంది, పులిసి గ్యాస్ అవుతుంది. చిక్కటి గేదె పాలు గిన్నెడు పోసి ‘బలం’ అనుకుంటే, ఆ బలమంతా గంటల్లో నేల మీదకొస్తుంది. నెయ్యి కుక్కకి ఇమడదని పెద్దవాళ్లు అనేది కూడా ఉత్త మాట కాదు. కోడి తోలు, మాంసంలోని కొవ్వు, వేపుడులో మిగిలిన నూనె ఒక్కసారిగా ఎక్కువ పడితే విరేచనాలే కాదు, కొన్నిటికి క్లోమం వాచి ప్రాణం మీదకి వస్తుంది.

ఇక చేతుల సంగతి. మా పై ఫ్లాట్‌లో బ్రూనో అని ఒక పిల్ల ఉంది. పలచగా అవుతోందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ తోడు రమ్మంటే వెళ్లాను. ‘నిన్నంతా ఏం పెట్టారు?’ అని డాక్టరుగారు అడిగారు. ‘గింజలే సార్, ఇంకేం పెట్టలేదు’ అంది కోడలు. ఆయన పెన్ను పక్కన పెట్టి ఒక్కొక్కరి మొహం చూడటం మొదలెట్టారు. ముందు పిల్లాడు బయటపడ్డాడు: ఐస్‌క్రీమ్ కప్పు అడుగు నాకించాడు. తర్వాత తాతగారు: టీలో ముంచిన బిస్కెట్ ‘ఒకటో రెండో’. చికెన్ తోలు ఎటు పోయిందో కొడుక్కి అప్పుడు గుర్తొచ్చింది. మామ్మగారు మాత్రం గోడ మీది టీకాల చార్టు శ్రద్ధగా చదువుకుంటున్నారు. ‘అత్తయ్యా, రాత్రి పెరుగు గిన్నె ఖాళీగా ఉందేం?’ అని కోడలు అడిగితే, ‘ఎండకి నీరసపడిందే, చలవ చేస్తుందని...’ అన్నారు. అప్పటికి డాక్టరుగారు కాగితం మీద అయిదు పదార్థాలు రాశారు. ఏది పడలేదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

అందుకే ఆయన మందుకన్నా ముందు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించమన్నారు. ఎవరు ఏం పెట్టినా, చిటికెడైనా, టైముతో సహా రాయాలి. పెట్టే మనిషి ఒక్కరే ఉంటే మరీ మంచిది గానీ, మన ఇళ్లలో అది జరిగే పని కాదు.

ఇంటి తిండి కలపాలనే ఉంటే కొత్త పదార్థం ఒకసారికి ఒక్కటే. అన్నంతో మొదలెట్టారనుకోండి, చికెన్ జోలికి అప్పుడే వెళ్లొద్దు. ముందు నాలుగింట ఒక వంతు కొత్తది, మూడు వంతులు పాతది. రెండు మూడు రోజులు మోషన్ బాగుంటే సగం సగం. మొత్తం మార్చాలంటే వారం నుంచి పది రోజులు పెట్టుకోవాలి. మార్చడమంటే కొత్తది వేసినంత మేర పాతది తీసేయడం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వంద గ్రాముల గింజల్లో 350 నుంచి 400 కేలరీలుంటే, వంద గ్రాముల అన్నంలో 130 ఉంటాయి. గింజల కొలత తగ్గించకుండా అన్నం కూడా పెడితే ఆ చిన్న కడుపు పట్టనంత తిన్నట్టే, విరేచనానికి అదొక్కటే చాలు.

తాలింపు వేసిన ఏదీ వద్దు. కారం, నూనె సరే, ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ఉడికించినా, పొడి చేసినా వాటి గుణం పోదు. సాంబార్ అన్నంలో ముక్కలు ఏరేసి పెట్టామంటే కుదరదు, పులుసులోకి దిగింది దిగినట్టే ఉంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాల్ని పాడు చేస్తాయి. దద్దోజనంలో ద్రాక్షపళ్లు వేసే ఇళ్లూ, పాయసం గిన్నె నాకించే ఇళ్లూ కాస్త చూసుకోవాలి. ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా విరుగుతాయి. చికెన్ సెంటర్ వాడు ‘కుక్కకా అమ్మా?’ అంటూ ఉత్తపుణ్యానికి కట్టిచ్చే మెడలూ కాళ్లూ ఉడకబెట్టి పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

సరే, అన్నమూ చికెనూ చక్కగా పడ్డాయి, మోషన్ గట్టిగా అవుతోంది. ఇక పాకెట్ ఎందుకు, ఇదే పెట్టేద్దామనిపిస్తుంది. విరేచనం కంటికి కనిపిస్తుంది కాబట్టి కంగారు పడతాం. ఎముకలో లోటు మాత్రం నెలల దాకా కనపడదు, అసలు భయపడాల్సింది దానికి. ఎదిగే పిల్లకి తిన్న ప్రతి వెయ్యి కేలరీలకీ సుమారు 3 గ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల కోడి మాంసంలో కాల్షియం పదిహేను మిల్లీగ్రాములుంటే గొప్ప, భాస్వరమేమో రెండొందలు. ఇది ఇలాగే సాగితే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది, కాళ్లు వంకరపోతాయి. రాగి జావ ఉందిగా అంటారు. రాగిలో కాల్షియం మంచిగానే ఉంది, వంద గ్రాముల పిండిలో 350 మిల్లీగ్రాముల దాకా. అయినా పిల్ల రోజంతా రాగే తిన్నా దానికి కావలసినదాంట్లో మూడో వంతే అందుతుంది. పూర్తిగా ఇంటి వంటే పెట్టాలనుకుంటే వెటర్నరీ డాక్టరుతో కూర్చుని లెక్క రాయించుకోవాల్సిందే. లేదూ, పాకెట్ తిండి ప్రధానంగా ఉంచి, మన ముద్ద రోజు కేలరీల్లో పదో వంతు దాటకుండా చూసుకుంటే చిక్కు లేదు. పిల్లల కోసం చేసిన మంచి పాకెట్ తిండి తింటున్న దానికి పైన కాల్షియం టానిక్ పొయ్యడం మాత్రం నాకు అర్థంకాని అలవాటు. పెద్ద జాతి పిల్లలు చిన్న వయసులో ఎక్కువైన కాల్షియాన్ని ఆపుకోలేవు, ఎముకలు అటు కూడా చెడతాయి.

ఇంతకీ ఈ రాత్రి పలచగా అయింది, ఏం చెయ్యాలి? పిల్ల ఆడుతూ పాడుతూ ఉంటే, ఒకటి రెండు సార్లే అయితే, కొత్తగా కలిపినదంతా మానేసి పాత తిండికి వెళ్లండి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పెద్ద కుక్కని ఒక పూట పస్తు ఉంచినట్టు చిన్న పిల్లని ఉంచొద్దు, రక్తంలో చక్కెర పడిపోతుంది. మన మందుల డబ్బాలోని మాత్రలు తియ్యొద్దు. విరేచనాలు కట్టడానికి మనం వేసుకునే లోపెరమైడ్ కోలీ లాంటి కొన్ని జాతులకి విషమే.

రక్తం పడినా, వాంతులు తోడైనా, తిండి చూసి మొహం తిప్పుకున్నా, మూలకి ముడుచుకుని పడుకున్నా మాత్రం తెల్లారేదాకా ఆగకండి. అది పార్వో కావచ్చు. 1978లో బయటపడి ప్రపంచమంతా పాకిన వైరస్ ఇది. టీకాలు పూర్తికాని పిల్లల్ని ముఖ్యంగా పట్టుకుంటుంది. మొదటి టీకా 6–8 వారాలకి, చివరిది 16 వారాలు నిండాక పడాలి. మధ్యలో ఒకటి వేయించి ‘అయిపోయింది’ అనుకునేవాళ్లే ఎక్కువ. ‘పెరుగన్నం పడలేదేమో’ అని ఇంట్లో రెండ్రోజులు కూర్చుంటే ఆ రెండ్రోజుల్లోనే పిల్ల ఎండిపోతుంది. మలం చుక్కతో నిమిషాల్లో తేల్చే కిట్ క్లినిక్‌లలో ఉంటుంది, అడిగి చేయించండి. అదేం కాకపోతే ఏలికపాములో, జియార్డియా అనే పేగు పరాన్నజీవో ఉందేమో అదే మలంలో చూస్తారు.

అన్నట్టు గుడ్డు సంగతి అడుగుతారని తెలుసు. పెట్టొచ్చు. పచ్చిది వద్దు, గట్టిగా ఉడికించండి, ఉప్పు వెయ్యకుండా మొదటి రోజు పావు గుడ్డు. ఫ్రిజ్ మీది కాగితంలో రాయడం మాత్రం మర్చిపోకండి.