చూపు చేతి దాకా రావాలి



పుంగనూరు దగ్గర మన సంఘపు అవ్వ ఒకామె ఉంది. పక్షవాతం తగ్గాక ఆమెకు ఒక వింత కష్టం మొదలైంది. ఎదురుగా గ్లాసు పెడితే "కాఫీ" అని చెబుతుంది. తీసుకోబోతే చెయ్యి పక్కకు పోతుంది. ఇంటివాళ్ళు మదనపల్లెలో కొత్త అద్దాలు వేయించారు. మార్పు లేదు. ఒకరోజు ప్రార్థనకు వెళ్ళినప్పుడు మా ముందే గ్లాసు పడిపోయింది. "సరిగ్గా చూసి పట్టుకో అవ్వా" అన్నాము, కాస్త విసుగ్గానే. "కనపడతా ఉందయ్యా, చెయ్యే పోలేదు" అని ఏడ్చింది. కోడలు వచ్చి తుడిచింది.

తరువాత కుప్పంలో డాక్టరు వివరించారు. కంటికి కనబడినది మెదడు వెనుక భాగానికి చేరి, అక్కడినుండి ముఖ్యంగా రెండు దారుల్లో పోతుందట. కింది దారి అది ఏమిటో గుర్తుపడుతుంది. పై దారి అది ఎక్కడుందో, చెయ్యి ఎంత చాపాలో, వేళ్ళు ఎంత తెరవాలో చూసుకుంటుంది. అవ్వకు ఆ పై దారి దెబ్బతింది. 1909లోనే హంగేరీ వైద్యుడు బాలింట్ ఇలాంటి రోగి గురించి రాశాడు. మిల్నర్, గుడేల్ అనే శాస్త్రవేత్తలు పరీక్షించిన ఒక స్త్రీది దీనికి తలకిందులు. విషవాయువు పీల్చి ఆమె మెదడు దెబ్బతింది. ఎదుట ఉన్న సందు నిలువో అడ్డమో చెప్పలేదు. కార్డు చేతికిస్తే మాత్రం సరిగ్గా తిప్పి అందులో వేసేది.

అంటే చూసి తెలుసుకోవడం వేరు, చూసి చెయ్యి చాపడం వేరు.

లూకా 10వ అధ్యాయం గుర్తుచేసుకోండి. దారిలో గాయపడి పడివున్నవాడిని యాజకుడు చూశాడు, లేవీయుడు చూశాడు, సమరయుడూ చూశాడు. ముగ్గురి కళ్ళూ మంచివే. సమరయుడి చూపు మాత్రమే చేతుల దాకా వచ్చింది.

అవ్వ చెయ్యి పోకపోవడం జబ్బు. మరి మా చెయ్యి ఎందుకు పోలేదు? ఆ ఇంటి కష్టం మాకు తెలుసు. ఆరాధనలో ఆమె కోసం ప్రార్థించాము కూడా. కిందపడిన గ్లాసును మాత్రం ఎత్తలేదు.

మొన్న వెళ్ళి క్షమాపణ అడిగాము. అవ్వ నవ్వింది. ఇప్పుడు ఆమె బల్ల అంచు పట్టుకుని, గ్లాసు తగిలేదాకా చెయ్యి మెల్లగా జరుపుతుంది. ఆ రోజు గ్లాసు మేమే కడిగాము.

మీ వీధిలో మీకు బాగా తెలిసిన కష్టం ఒకటి ఉంటుంది. ఈ వారం ఆ ఇంటికి వెళ్ళండి.

ప్రభువా, మా కళ్ళకు చూపించినదాన్ని మా చేతుల దాకా రానిమ్ము. ఆమేన్.